వెనక తలుపు

దాదర్, బొంబాయి
14 అక్టోబరు 1973

అక్కకు,

ఈసారి వానల గురించీ ఒంట్లో నలత గురించీ రాయను. నేను సినిమా తీస్తున్నాను.

కంపెనీ సినిమా కాదు. నిర్మాత లేడు, పాటలు లేవు. మా ల్యాబులో ప్రకటనల వాళ్ళు మిగిల్చి పారేసే ముడి ఫిలిం ముక్కలు ఉంటాయి. వాటిని చాలాకాలంగా డబ్బాల్లో దాచుకుంటూ వచ్చాను. కొన్ని నిమిషమైనా నడవవు. నాతో పనిచేసే రామ్‌దాస్ నాందేడ్ వాడు, అతనికి ఒక పాత కెమెరా ఉంది. అంతే మా సంపద.

అది దయ్యం సినిమా. కథ మన ఇంటిదే. బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే రోజులు. అప్పటికి నువ్వు అత్తగారింట్లో ఉన్నావు, నీకు ఎంత తెలుసో నాకు తెలియదు. చెరుకు బండ్లు గేటు ముందు బారులు తీరే కాలంలో, ఏటా ఒకరోజు, మన వెనక తలుపు దగ్గర గజ్జెల చప్పుడయ్యేది. కన్నతల్లే, అవ్వ నన్ను ధాన్యపు గుమ్మి వెనక కూర్చోబెట్టి, "దయ్యమొచ్చింది, చెవులు మూస్కో" అనేది. చాటలో బియ్యం పోసి, పైన రవిక గుడ్డ పెట్టి, తలుపు కొంచెమే తీసేది. పసుపు పూసిన చెయ్యి ఒకటి వచ్చి చాట అందుకునేది. ఒక గొంతు మెల్లగా ఏదో అడిగేది. అవ్వ "ఆఁ" అని తలుపు వేసేది. ఆ తరువాత చాలాసేపు పొయ్యి ముందు కూర్చుని ఏడ్చేది. ఆ రోజు బాపు ఇంటికి ఆలస్యంగా వచ్చేవాడు.

ఆ గొంతు ఏమడిగేదో నాకెప్పుడూ వినబడలేదు. సినిమాలో శాపం రాశాను: "ఈ ఇంటి దీపం ఆరిపోను." మా గదిలో చదివి వినిపిస్తే అందరూ ఒక్కసారి తలుపు వంక చూశారు.

ఎవరింట్లోనూ లేనంత భయం మన ఇంట్లో ఉండేది అక్కా. దాన్ని తెర మీద చూడాలని ఉంది. ఇంటి తాళంచెవి కావాలి. అవ్వ చాట ఉంటే అదీ కావాలి.

నీ తమ్ముడు
ఏసుదానం


నిజామాబాద్
2 నవంబరు 1973

ఏసుదానానికి,

ఇక్కడ ప్రభువు దయ వల్ల పూట గడుస్తోంది. ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు పని నాదే.

తాళంచెవి ఉంది. చాట ఉంది. దాని అంచు ఊడితే మళ్ళీ అల్లించాను. ఇల్లు ఈ వానలకు కారలేదు.

నేను సినిమా ఎన్నడూ చూడలేదు. చూసేవాళ్ళను తప్పు పట్టను.

ఒకటి రాయి. నీ సినిమాలో పిల్లవాడు తలుపు తెరుస్తాడా? తెరిస్తే వాడికి ఏం కనిపిస్తుంది? అది చెప్పాక తాళంచెవి మాట.

పూటకు తింటున్నావా? రోజూ పొద్దున నీ పేరు చెప్పి మోకరిస్తాను.

అక్క
గంగవ్వ


దాదర్, బొంబాయి
19 నవంబరు 1973

అక్కకు,

నువ్వు అడిగింది సరిగ్గా మేము తేల్చుకోలేని చోటే. తలుపు తెరుచుకోవాలి, లేకపోతే చూసేవాళ్ళు ఊరుకోరు. వెనక కాలిన ముఖం ఉండాలని రామ్‌దాస్ అంటాడు. పాదాలు వెనక్కి తిరిగి ఉండాలని నేను రాశాను. ఆ వేషం వేయడానికి నిజామాబాద్‌లో నాటకాలాడే తారాబాయి ఒప్పుకుంది.

ఇంకో సంగతి. నేను ఒక్కసారి తలుపు సందులోంచి చూశాను. ఎవరికీ చెప్పలేదు. ఒక పాదం, గజ్జెలు, పసుపు నీళ్ళ మరక కనిపించాయి. గజ్జెలు టక్కున ఆగిపోయాయి. అది నన్ను చూసిందనుకుని గుమ్మి వెనకకు పరుగెత్తాను. ఇప్పటికీ కలలో అది చీకటి. కానీ మొన్న కూర్చుని రాస్తుంటే ఆ చూపులోనే ఫ్యాక్టరీ మధ్యాహ్నం కూత కూడా వినబడింది. పట్టపగలు అక్కా. ఇన్నేళ్ళూ నేను దాన్ని రాత్రి అనుకున్నాను.

సినిమాలోనూ మేము చేసేది అదే. రాత్రి దృశ్యాలకు మా దగ్గర లైట్లు లేవు. ఎర్రటి ఎండలో తీస్తాం, కెమెరా ముందు నల్లద్దం పెడతాం. తెర మీద వెన్నెల రాత్రి అవుతుంది. పగటిని రాత్రి చేయడం ఇంత తేలికని ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది.

జనవరిలో వద్దామనుకుంటున్నాం. తలుపు వెనక ఏముంటే బాగుంటుందో నీకేమైనా తోస్తే రాయి.

ఏసుదానం


నిజామాబాద్
6 డిసెంబరు 1973

తమ్ముడు ఏసుదానానికి,

ఉపవాసం ఉండి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నిదానంగా చదువు. నిలబడి చదవకు.

తలుపు వెనక ఉన్నది దయ్యం కాదు. నీ అక్క. పేరు ఎల్లవ్వ. నాకు చెల్లెలు. బతికే ఉంది. మన సొంతూరు మోస్రాలో ఉంటుంది.

నీకు ఏడాది నిండకముందు మోస్రాలో అమ్మవారు పోసింది. నీ ముఖం మీది మచ్చలు అప్పటివే. రోజుకు ఇద్దరు ముగ్గురు పిల్లలు పోతున్నారు. నీకు చూపు ఆగిపోయింది, పాలు దిగలేదు. అవ్వ దేవత ముందు కొంగు పరిచింది. పిల్లవాడు దక్కితే పిల్లను ఇస్తానని మొక్కింది. నువ్వు కళ్ళు తెరిచావు. ఎల్లవ్వను ఎల్లమ్మకు జోగినిగా విడిచారు. అప్పటికి ఆమె ఇంకా పరికిణీ కట్టుకునే పిల్ల. దేవతకు ఇచ్చిన పిల్ల ఊరి సొత్తు. ఆ తరువాతి సంగతి రాయను. నీకు తెలియనిది కాదు.

కొన్నాళ్ళకు బాపుకు ఫ్యాక్టరీలో పని దొరికింది. బోధన్ వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. ఎల్లవ్వను ఊరు వదలలేదు, మన నాయనమ్మ దగ్గరే ఉండిపోయింది. పిల్లలు ఎందరని చర్చి అయ్యగారు అడిగితే బాపు ఇద్దరని చెప్పాడు. ఒకసారి అన్నాక ఆ మాట మీదే బతికాడు. ఎందుకన్నాడని నేను అడగలేదు. సిగ్గుతో అన్నాడని అనుకుంటాను.

అవ్వ ప్రభువు గుడికి వచ్చేది, పాటలు పాడేది. లోపల మాత్రం మొక్కు మీద భయం పోలేదు. మొదటి ఏడు ఎల్లవ్వ నడుచుకుంటూ మన ఇంటికి వస్తే తలుపు దగ్గరే ఆపింది. "నువ్వు తల్లి సొత్తువు బిడ్డా. నిన్ను ఇంట్ల కడుగు పెట్టనిస్తే ఇచ్చింది మళ్ళ తీసుకున్నట్టు. ఆ తల్లి పిలగాన్ని తీసుకుపోతది. వాని మీద ఒట్టు, గడప దాటకు" అంది. ఎల్లవ్వ ఒట్టు వేసింది. ఇవాళ్టి వరకు దాటలేదు. అవ్వ చనిపోయిన రోజు కూడా పెరట్లోనే నిలబడింది.

నువ్వు ఎవరికీ చెప్పకుండా ఉండాలని అవ్వ దయ్యం అనేది.

ఆ గొంతు శాపం పెట్టలేదు. ఏటా అడిగిన మాట ఒక్కటే. "తమ్ముడు బువ్వ తిన్నడా?"

తాళంచెవి తీసి పెట్టాను. ఇప్పుడు ఏం తీస్తావో నీ ఇష్టం.

గంగవ్వ


దాదర్, బొంబాయి
8 జనవరి 1974

పెద్దక్కకు,

ఇన్నాళ్ళు రాయలేకపోయాను.

సినిమా ఆపేశాను. డబ్బాలు మంచం కిందికి తోశాను. తారాబాయికి వద్దని రాశాను. నా అక్కకు నేను కాళ్ళు వెనక్కి పెట్టాను.

అద్దంలో మచ్చలు చూసుకుంటున్నాను. ఇన్నేళ్ళు అవి నావనుకున్నాను.

ఈ సినిమా సంగతి ఆమెకు చెప్పకు.

ఏసుదానం


నిజామాబాద్
21 జనవరి 1974

ఏసుదానానికి,

నీ ఉత్తరం అందేసరికి చెప్పేశాను. సంక్రాంతి పండుగ మరునాడే మోస్రా వెళ్ళి వచ్చాను. అక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పసుపు ఉడకబెడుతున్నారు. ఎల్లవ్వ కళాయి పక్కన కొమ్ములు ఆరబోస్తోంది. నన్ను చూసి, "ఏందక్క, ఇటు తొవ్వ దొరికింది నీకు? మీ దేవుడు సెలవిచ్చిండా?" అంది. ఆమె ఎప్పుడూ అంతే.

పక్కకు పిలిచి చెప్పాను. చేతులు దులుపుకోకుండా విన్నది.

"నన్ను దయ్యం జేసిండా?"

"చేశాడు."

"కాళ్ళు ఎనకకు వెట్టిండా?"

"పెట్టాడట."

నవ్వింది. కళాయి దగ్గరి ఆడవాళ్ళంతా తిరిగి చూసేలా నవ్వింది. "ముందటికున్న కాళ్ళతోని నడిస్తెనే బోధన్ చేరేసరికి పొద్దెక్కుతుండె. ఎనకకుంటె ఏ ఏటికి చేరుతుంటి?"

నాకు నవ్వు రాలేదు. ఆమె నా ముఖం చూసి అడిగింది.

"నా ఏషం ఎవలేస్తున్నరు?"

"తారాబాయి అని, నాటకాలామె."

"ఆమెకు గజ్జె కట్టుడొస్తదా? ఎట్ల నిలవడాల్నో ఎర్కనా? ఎందుకామె? నేనే ఏస్త."

నువ్వు దీన్ని తీస్తావో లేదో తెలియదన్నాను. అప్పుడు నవ్వడం మాని నా పక్కన కూర్చుంది.

"ఆపొద్దను. ఒక్కపారి తలుపు సందుల వాని కన్ను కనవడ్డది. గంతే నేను సూసింది. నల్లగ, ఇంత పెద్దగ. నా కాలు అక్కన్నే ఆగింది. మిగిలిన మొకమెట్లుంటదని ఇన్నేండ్ల సంది అనుకుంటున్న. సినిమకైనా సరే, ఆ తలుపు తియ్యమను."

లేచి వెళుతూ ఇంకో మాట అంది. "గడప మాత్రం దాట. ముందే జెప్తున్న."

అది అవ్వ భయమే తప్ప ఇంకేమీ కాదని చెప్పాను. నా దేవుడి సంగతి చెప్పాను.

"నీ దేవుడు నీకు మంచోడే. వాని పానం మీద నేను పందెం కట్ట" అంది.

ఆమె నిన్ను చూడాలనుకుంటోంది. ఆ ఇంట్లో ఆమె అడుగు పడితే చూడాలని నాకు ఉంది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. రా.

గంగవ్వ


దాదర్, బొంబాయి
30 మార్చి 1974

పెద్దక్కకు,

బోధన్‌లో మన ఇంట్లో తీసుకువచ్చిన దాని ప్రింటు నిన్న చూశాను. నిద్ర పట్టలేదు. నువ్వు ఆ రోజు వంటింటి మూల నిలబడి అంతా చూశావు. అయినా నువ్వు చూసింది వేరు, తెర మీద ఉన్నది వేరు.

సినిమా అంతా రాత్రిలా ఉంది. గుమ్మి, పొయ్యి, చాట, అవ్వ వేషంలో తారాబాయి వెన్ను, అన్నీ నల్లద్దం వెనకే. ఫ్యాక్టరీ పొగ చంద్రుడి మీదుగా పోతున్నట్టుంది. గజ్జెలు దగ్గరవుతుంటే నేను తీసిందే నాకు ఒళ్ళు జలదరించింది. అప్పుడు తలుపు. ఆ ఒక్క షాటుకు అద్దం తీసేయమన్నానని నీకు తెలియదు. చీకటి గదిలోకి తలుపంత పగలు వచ్చి పడింది.

ఆ వెలుతురులో చిన్నక్క ఉంది.

మా ల్యాబులో రోజూ ఎందరో అందగత్తెల ముఖాలున్న ఫిలిం కడుగుతాం. ఎవరూ తల ఎత్తి చూడరు. నిన్న పక్క గదుల వాళ్ళు కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. పసుపు ముఖం, నుదుటి మీద చెమట, చేతిలో చాట. ఆమె కెమెరాను చూడలేదు. నా ముఖాన్ని వెతికింది. నుదుటి నుంచి గడ్డం దాకా, ఒక్కొక్క మచ్చ దగ్గర ఆగుతూ. ఒక మనిషి ఇంకో మనిషిని అలా చూడగా నేను ఎక్కడా చూడలేదు.

నేను రాసుకున్న ప్రకారం ఆమె అడగాలి, కెమెరా పక్కనుంచి తలుపు తీసిన నేను అవ్వలాగే "ఆఁ" అని తలుపు వేయాలి. ఆమె అడిగింది. "బువ్వ తిన్నవా?" నాకు ఆ "ఆఁ" నోట్లోంచి రాలేదు. "తినలే అక్క. నువ్వచ్చి పెట్టు" అన్నాను. ఆమె గడప వంక చూసింది. కాలు లేపింది. గజ్జెలు ఒక్కసారి మోగాయి.

అక్కడ ఫిలిం అయిపోయింది. రామ్‌దాస్ కేక వేశాడు, ఆమె కాలు వెనక్కి పెట్టుకుంది. ఎంత బతిమాలినా మళ్ళీ లేపలేదు. నీకు తెలుసు.

రీలు చివరి కొస వెలుతురు తగిలి తెల్లబడిపోతుంది. మామూలుగా ఆ కొస కోసి పారేస్తాం. నేను కొయ్యలేదు. లేచిన కాలు, ఆ పైన తెలుపు. సినిమా అక్కడే ఆగుతుంది. అంతకు మించి నా దగ్గర లేదు.

పేరు "వెనక తలుపు" అని పెట్టాను.

ఏసుదానం


నిజామాబాద్
17 ఏప్రిల్ 1974

ఏసుదానానికి,

మీరు రైలెక్కిన తరువాత మేమిద్దరం ఆ ఇంటి దగ్గరే అన్నం తిన్నాం. నేను లోపల కూర్చున్నాను. ఆమె బయట కూర్చుంది. గడప మీదుగా పచ్చడి అందించాను.

"ఎంత ఎదిగిండు" అంది. కొంతసేపు అదే మాట అనుకుంటూ తిన్నది.

తరువాత అడిగింది. "కాలు లేపిన గద. గది తప్పా అక్క?"

కాదన్నాను. గట్టిగానే అన్నాను. లోపల ఒక వణుకు పుట్టింది. దాన్ని ప్రభువు ముందు పెట్టాను.

నువ్వు జాగ్రత్త. నీళ్ళు కాచి తాగు.

గంగవ్వ


బొంబాయి
11 జులై 1974

పెద్దక్కకు,

ఆసుపత్రిలో పడుకుని రాస్తున్నాను. కామెర్లు బాగా ముదిరాయంటున్నారు. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు. రామ్‌దాస్ చూసుకుంటున్నాడు.

చిన్నక్కకు చెప్పకు. ఆమె ఏమనుకుంటుందో నాకు తెలుసు. నిజం చెప్పనా, జ్వరం ఎక్కువైనప్పుడు నేనూ అదే అనుకున్నాను. గజ్జెలు వినబడ్డాయి. చెవులు మూసుకోలేదు.

ఏసుదానం


నిజామాబాద్
2 ఆగస్టు 1974

ఏసుదానానికి,

రామ్‌దాస్ తెలుగువాళ్ళతో రాయించిన కార్డు చూశాను. నువ్వు గంజి తాగుతున్నావని రాశాడు. ఈ ఉత్తరం కూడా వాళ్ళతోనే చదివించుకో.

నేను చెప్పలేదు. ఎల్లవ్వే ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చింది. తడిసిపోయి ఉంది. "వాని ఉత్తరమేది? నెలకొకటన్న సదివి ఇనిపిస్తుంటివి గద" అంది. ఆమె కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

విని, గోడ పక్కన కూర్చుండిపోయింది. వార్డు పని విడిచి నేనూ కూర్చున్నాను. తరువాత అడగడం మొదలుపెట్టింది. చిన్నపిల్ల లెక్క అప్పజెప్పినట్టు, ఒక్కొక్కటే.

"నేను గడప దాటిన్నా?"

"దాటలేదు."

"కాలు అవుతల పడ్డదా?"

"పడలేదు. నేను చూశాను."

"ఒట్టు తప్పలే గద?"

"తప్పలేదు."

"మరి రోగమెందుకచ్చె?"

"బొంబాయి నీళ్ళు" అన్నాను.

నా ముఖంలోకి చూసింది. కళ్ళలో తడి లేదు. "దాటకున్నా అచ్చింది" అంది. "దాటకున్నా అచ్చిందక్క. మరి ఇన్నేండ్లు ఎండల, వానల, ఆ తలుపు బయట నిలవడి నేనెవల్ని కాసిన?"

ఆమె లేచి నిలబడింది. తమ్ముడూ, ఆమెకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఆమెకు కోపం రావడం నేను ఎన్నడూ చూడలేదు. కొండ మీద మంట చూసినట్టయింది.

"నువ్వు పోయి నీ దేవునికి జెప్పు. నేను నా తల్లికి జెప్త. ఇచ్చిన కాడికి సాలు అని. పిలగాన్ని మీరిద్దరు గలిసి లేపుండ్రి అని."

వెళ్ళిపోయింది. వార్డులో మందులిచ్చే వేళ దాటిపోయినా నేను మోకాళ్ళ మీదే ఉన్నాను. ఆమె అన్న మాటే అన్నాను. వేరే మాట రాలేదు.

గంగవ్వ


దాదర్, బొంబాయి
6 అక్టోబరు 1974

పెద్దక్కకు,

లేచాను. నాలుగు అడుగులు నడిస్తే ఆయాసం వస్తోంది కానీ కళ్ళ పసుపు పోయింది. ఏడాది దాకా దూర ప్రయాణం వద్దన్నారు.

సినిమాను ఇద్దరు ముగ్గురు పంపిణీదార్లకు చూపించాం. ఒకాయన చివరిదాకా చూసి, "బాగుంది, దయ్యం ఏది?" అని అడిగాడు. డబ్బా మూసి తెచ్చుకున్నాం.

ఎవరూ కొనకపోయినా మొదట చూడవలసినవాళ్ళు చూడాలి. రామ్‌దాస్ ప్రొజెక్టరు, రీలు తీసుకుని బోధన్ వస్తున్నాడు. మాటలు, గజ్జెలు టేపు మీద ఉన్నాయి, దాన్ని పక్కన నడిపిస్తాడు. మన పెరట్లోనే, వెనక గోడకు దుప్పటి కట్టి, పొద్దుగూకగానే వేయమన్నాను. చిన్నక్కను పిలువు. ఆమె రమ్మన్నవాళ్ళందరినీ పిలువు.

నువ్వు ఎన్నడూ సినిమా చూడలేదని తెలుసు. ఇదొక్కటి చూడు.

ఏసుదానం


బోధన్
12 నవంబరు 1974

ఏసుదానానికి,

ఈ ఉత్తరం మన ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

నిన్న సాయంత్రం మీ రామ్‌దాస్ దుప్పటి కట్టాడు, వెనక తలుపు పక్కనే. చెరుకు బండ్లు గేటు దగ్గర ఆగి ఉన్నాయి, బండ్లవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. మోస్రా నుంచి ఎల్లవ్వతో ఆమె వంటి ఆడవాళ్ళు చాలామంది వచ్చారు, పసుపు ముఖాలతో. ముందు వరుసలో వాళ్ళే. మా గుడివాళ్ళు గోడ అవతల కొంతసేపు నిలబడి, తరువాత లోపలికి వచ్చారు. నేను అయ్యగారిని అడగలేదు. ప్రార్థన చేసుకుని వచ్చాను.

దీపం ఆర్పారు. నా తల మీదుగా ఒక వెలుతురు పోయి దుప్పటి మీద పడింది. అందులో మన గుమ్మి కనిపించింది. మన పొయ్యి. గాలికి దుప్పటి కదిలితే ఇల్లంతా ఊపిరి తీసినట్టు కదిలింది. ఆరు దినాల్లో లోకాన్ని చేసినవాడు మనిషి చేతికి ఇంత ఇచ్చాడా అనుకున్నాను.

గజ్జెలు దగ్గరవుతుంటే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. బండ్లవాడొకడు "వద్దు, తలుపు తియ్యకు" అని పైకే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తలుపు తెరుచుకుంది. ఆ వెలుగుకు నేను కళ్ళ మీద చెయ్యి పెట్టుకున్నాను. తీసి చూస్తే ఎల్లవ్వ. ఇంటి కప్పు అంత ఎత్తు. ఇన్నేళ్ళు ఎవరి కంట పడకుండా చాట అందుకుని వెళ్ళిన మనిషి అందరి తలల పైన నిలబడి ఉంది. ముందు వరుసలో ఒక ముసలామె చేతులు జోడించింది. ఏమనుకుని జోడించిందో తెలియదు. దుప్పటి మీద ముందు ఎల్లవ్వ పెదవులు కదిలాయి. కొంచెం ఆగి మాట వచ్చింది. "బువ్వ తిన్నవా?"

మన అవ్వ ఏడ్చినట్టు ఎవరో ఏడ్చారు. తిరిగి చూడలేదు. అది నేనే కావచ్చు.

కాలు లేచింది. తెల్లగా అయిపోయింది. రీలు ఖాళీగా తిరుగుతున్న చప్పుడు మిగిలింది.

జనం లేవలేదు. "ఏమాయె?" అన్నారు. "లోపటికి పోయిందా, లేదా? గది జెప్పుండ్రి" అని బండ్లవాళ్ళు రామ్‌దాస్‌ను పట్టుకున్నారు. అతను మరాఠీలో ఏదో చెబుతున్నాడు. నన్ను చూశాడు. నేనేం చెప్పను?

ఎల్లవ్వ ముందు వరుసలోంచి లేచింది. చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. దుప్పటి మీది తెల్లని వెలుతురు ఆమె మీద పడుతోంది. వెనక తలుపు దగ్గరికి నడిచింది, నెట్టింది. గడప ముందు ఆగింది.

ఆపుదామని నేను సగం లేచాను తమ్ముడూ. ఇన్నేళ్ళ ప్రార్థన ఉండి కూడా లేచాను. నువ్వు అంత దూరంలో ఉన్నావు.

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసి అంది. "దాటకున్నా రోగమచ్చె. దాటకున్నా మంచిగాయె. గడపకు వానికి ఏం లేదక్క. ఉంటె నాకు వానికే ఉన్నది."

అడుగు లోపల పెట్టింది.

గజ్జెలు లోపల నడిచాయి, పొయ్యి దాకా, గుమ్మి దాకా, మళ్ళీ పొయ్యి దాకా. అగ్గిపుల్ల గీసిన వెలుగు కనిపించింది. తరువాత లోపలి నుంచి ఆమె గొంతు: "ఎంతమంది తిన్నరు, ఎంతమంది తినలే? చెప్పుండ్రి, ఎసరు వెడుతున్న."

బండ్లవాళ్ళు కట్టెలు తెచ్చారు. మోస్రా ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళారు. చివరగా నేను వెళ్ళాను. అది నేను పుట్టి పెరిగిన ఇల్లు కాదు, అయినా మొదటిసారి ఇంటికి వచ్చినట్టుంది.

ఇవాళ పొద్దున నీ క్షేమం తెలుపుతూ రామ్‌దాస్ పేరున తంతి వచ్చింది. చదివి వినిపించాను. "నేను జెప్పలేదా?" అంది. అన్నదే కానీ ఆ కాగితం తీసుకుని చాలాసేపు చేతిలో పెట్టుకుంది.

ఇప్పుడు నా పక్కనే కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. ఏం రాయమంటావని అడిగాను. "ఎప్పుడూ అడిగేదే రాయి. ఈపారి జవాబు వానినే ఇయ్యమను" అంది.

బువ్వ తిన్నావా?

గంగవ్వ, ఎల్లవ్వ